రువైస్ ఉన్నత విద్యలో మానవీయ శాస్త్రాలు

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ (యుఏఈ)లోని అబుదాబి నగరానికి పడమరగా సుమారు 240 కిలోమీటర్ల దూరంలో, అల్ దఫ్రా ప్రాంతపు సముద్ర తీరాన ఉన్న పారిశ్రామిక పట్టణం రువైస్. చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం, కళల వంటి మానవీయ శాస్త్రాలలో ఇక్కడ విడిగా డిగ్రీ చదువు లేదు. సాంకేతిక, వ్యాపార కోర్సుల లోపల ‘సాధారణ విద్య’ పేరుతో చెప్పే కొన్ని పాఠాలుగానే అవి ఉన్నాయి. చమురు శుద్ధి కోసం పుట్టిన ఊరు కాబట్టి ఇది సహజమేననిపిస్తుంది. అయితే యంత్రాల మీద బతికే ఊళ్లోనే ఈ పాఠాల అవసరం ఎక్కువ. పైగా వాటికి కావలసిన సామగ్రి రువైస్ చుట్టుపక్కలే పుష్కలంగా ఉంది.

పట్టణం, కళాశాల

రువైస్ శుద్ధి కర్మాగారాన్ని 1982లో ప్రారంభించారు. అబుదాబి ప్రభుత్వ చమురు సంస్థ అడ్నాక్, యూరప్‌కు చెందిన రసాయన సంస్థ బోరియాలిస్ కలిసి 1998లో నెలకొల్పిన బోరూజ్ ఇక్కడ ప్లాస్టిక్ ముడిసరుకు తయారుచేస్తోంది. పడమటి వైపు 53 కిలోమీటర్ల దూరంలో నాలుగు రియాక్టర్ల బరాకా అణువిద్యుత్ కేంద్రం ఉంది. ఉద్యోగుల కుటుంబాల కోసం కట్టిన నివాస సముదాయం చుట్టూ బడులు, ఆసుపత్రి, దుకాణాలు ఏర్పడి ఊరు పెరిగింది.

పట్టణంలో ఉన్నత విద్య అంటే ప్రధానంగా హయ్యర్ కాలేజెస్ ఆఫ్ టెక్నాలజీ. ఎమిరాతీ యువతను ఉద్యోగాలకు సిద్ధం చేయడానికి 1988లో మొదలైన ప్రభుత్వ సంస్థ ఇది. దేశమంతటా ఉన్న దాని ప్రాంగణాల్లో రువైస్ ఒకటి. బోధన ఇంగ్లీషులో సాగుతుంది. ఇంజనీరింగ్, వ్యాపార నిర్వహణ, కంప్యూటర్, ఆరోగ్య శాస్త్రాల వంటి వృత్తి చదువులే ఈ సంస్థకు మూలం.

సాధారణ విద్య

ఎమిరేట్స్‌లో విద్యాసంస్థల డిగ్రీలకు గుర్తింపునిచ్చే అకడమిక్ అక్రెడిటేషన్ కమిషన్ 2000లో ఏర్పడింది. బ్యాచిలర్ డిగ్రీలో సాధారణ విద్య భాగం ఉండాలన్నది దాని ప్రమాణాల్లో ఒకటి. భాష, ఇస్లామిక్ అధ్యయనాలు లేదా స్థానిక చరిత్ర సంస్కృతులు, మానవీయ శాస్త్రాలు లేదా కళలు, సామాజిక శాస్త్రాలు ఇందులోకి వస్తాయి. కాబట్టి రువైస్‌లో పైపులు, పంపుల గురించి చదివే విద్యార్థి కూడా ఏదో ఒక సెమిస్టర్‌లో మనిషి గురించి చదవక తప్పదు.

తప్పనిసరి చేసినంత మాత్రాన చదువు బలపడదు. రెండో భాషలో చదువుకునే పిల్లలకు ఈ గంటల్లో ఎక్కువ భాగం వ్యాసరచనకు, ప్రెజెంటేషన్లకు, పరీక్ష ఇంగ్లీషుకు పోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అప్పుడు చరిత్ర పాఠం కూడా భాషా శిక్షణగా మారిపోతుంది. భాష నేర్పడం తక్కువ పని కాదు. కానీ ఒక పత్రాన్ని అనుమానించి చదవడం, ఒక సాక్ష్యాన్ని మరొకదానితో పోల్చడం, ఎవరి మాట నమోదైంది, ఎవరిది కాలేదు అని అడగడం అలవాటు కావాలంటే వేరే రకం పాఠం కావాలి.

పరిశ్రమకు ఇది పనికిరాని చదువు కాదనడానికి 1984 నాటి భోపాల్ దుర్ఘటనే పెద్ద సాక్ష్యం. ఆ రాత్రి విషవాయువు బయటికి రావడానికి కారణం రసాయన చర్య ఒక్కటే కాదు. ట్యాంకును చల్లబరిచే యంత్రాన్ని అంతకు ముందే ఆపేశారు. ఖర్చు తగ్గించడానికి సిబ్బందిని కుదించారు. హెచ్చరికలు వచ్చినా చర్యలు తీసుకోలేదు. అందుకే ప్రపంచమంతటా ఇంజనీరింగ్ నీతిశాస్త్ర తరగతుల్లో భోపాల్ ఒక పాఠమైంది. మలయాళం, తెలుగు, హిందీ, ఉర్దూ, అరబిక్, తగలోగ్ మాట్లాడేవాళ్లు ఒకే షిఫ్టులో పనిచేసే రువైస్‌లో ఎవరు ఎవరికి ఏం చెప్పగలరు, కిందివాడి మాట పైవాడు వింటాడా అన్నవి ప్రాణాలతో ముడిపడ్డ ప్రశ్నలు.

చేతికందే దూరంలో చరిత్ర

రువైస్ పక్కనే ఉన్న జెబెల్ దన్నా కొండ దగ్గరి రేవు నుంచి 1963లో అబుదాబి నేలమీది బావుల చమురు తొలిసారి ఎగుమతి అయింది. ఆ కొండలోనే చమురుకు ఎంతో ముందు గంధకం కోసం మనుషులు తవ్విన గోతులు బయటపడ్డాయి. నేడు షా, హబ్షాన్ గ్యాస్ క్షేత్రాల్లో వెలికితీసిన గంధకం 264 కిలోమీటర్ల రైలు మార్గం మీద రువైస్‌కు చేరి ఓడలెక్కుతోంది. ఒకే సరుకు, ఒకే తీరం. పాత గోతులు తవ్వినవారెవరు, ఎవరికోసం తవ్వారు, ఎలా బతికారు అన్న ప్రశ్నతో ఒక సెమిస్టర్ పాఠం మొదలుపెట్టవచ్చు. గంధకం ధర, రవాణా లెక్కలు తెలిసిన విద్యార్థికి ఆ ప్రశ్న ఇంకెవరికన్నా బాగా అందుతుంది.

జెబెల్ దన్నా నుంచి పడవలో వెళితే సర్ బనీ యాస్ ద్వీపం. అక్కడ 1992లో పురావస్తు పరిశోధకులు ఒక క్రైస్తవ మఠం శిథిలాలను కనుగొన్నారు. క్రీ.శ. 7, 8 శతాబ్దాల నాటి ఆ మఠం తూర్పు చర్చి సంప్రదాయానికి చెందినది. ఇస్లాం వ్యాపించిన తర్వాత కూడా ఈ తీరంలో క్రైస్తవ సన్యాసులు బతికారని అది చెబుతోంది. 2010 నుంచి సందర్శకులను అనుమతిస్తున్నారు. వెనిస్‌కు చెందిన నగల వర్తకుడు గస్పారో బాల్బీ 1590లో ప్రచురించిన యాత్రా గ్రంథంలో ఈ ద్వీపం పేరు కనిపిస్తుంది.

అదే సముద్రంలోని దల్మా ద్వీపపు చరిత్ర ఇంకా పాతది. దాదాపు 7000 ఏళ్ల నాటి ఖర్జూరపు గింజలు అక్కడ దొరికాయి. తర్వాతి కాలంలో అది ముత్యాల వేటకు కేంద్రమైంది. గల్ఫ్ ముత్యాలు బొంబాయి మీదుగా భారత విపణికి చేరేవి. నిజాం కాలపు హైదరాబాద్ ముత్యాల వ్యాపారానికి ఈ సముద్రం ఒక ముఖ్య ఆధారం. 1930ల ఆర్థిక మాంద్యంతో, జపాన్ సాగు ముత్యాలతో ఆ జీవనం కూలిపోయింది. ఒక సరుకు మీద ఆధారపడ్డ సమాజానికి ఆ సరుకు గిరాకీ పోతే ఏమవుతుందో ఈ తీరం ఒకసారి చూసింది. చమురు మీద నడిచే ఊళ్లో ఇంతకన్నా దగ్గరి ఆర్థిక చరిత్ర పాఠం ఉండదు.

రాతకెక్కనిది కూడా చాలా ఉంది. ఒంటెల మీద సాగుతూ పాడే తగ్రూదా పాటలను 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. విద్యార్థుల ఇళ్లలోని పెద్దవాళ్లకు ఆ ఎడారి జీవితం ఇంకా గుర్తుంది. వాళ్ల మాటలను రికార్డు చేసి, రాసిపెట్టి, పోల్చి చూసే పనికి రువైస్ కళాశాల విద్యార్థులే తగినవారు. చమురుకు ముందరి కాలం ఎరిగిన తరం తరిగిపోతోంది కనుక ఇది ఆలస్యం చేయదగ్గ పని కాదు.

దేశంలో తక్కిన చోట్ల

మానవీయ శాస్త్రాలకు చోటున్న విశ్వవిద్యాలయాలు దేశంలో వేరే చోట్ల ఉన్నాయి. అల్ ఐన్‌లో 1976లో స్థాపించిన యుఏఈ విశ్వవిద్యాలయం తొలినుంచీ కళల విభాగాన్ని నడిపింది. అబుదాబిలో సోర్బాన్ 2006లో, న్యూయార్క్ యూనివర్సిటీ 2010లో తరగతులు మొదలుపెట్టాయి. మొహమ్మద్ బిన్ జాయెద్ మానవీయ శాస్త్రాల విశ్వవిద్యాలయం 2020లో ఏర్పడింది. ఇంజనీర్ల కోసం నెలకొల్పిన ఖలీఫా విశ్వవిద్యాలయంలో కూడా మానవీయ, సామాజిక శాస్త్రాల విభాగం ఉంది. 2017లో పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ అందులో కలిసింది కాబట్టి చమురు ఇంజనీర్ల చదువుకూ ఆ విభాగానికీ నేరుగా సంబంధం ఉంది.

తెలుగు కుటుంబాలు

శుద్ధి కర్మాగారంలో స్థిర ఉద్యోగులుగా, మరమ్మతుల కోసం కర్మాగారాన్ని ఆపే షట్‌డౌన్ పనులకు వచ్చే ఫిట్టర్లుగా, వెల్డర్లుగా, సేఫ్టీ ఆఫీసర్లుగా తెలుగువాళ్లు రువైస్‌లో ఉన్నారు. కుటుంబంతో ఉండగలిగినవారి పిల్లలు ఎక్కువగా సీబీఎస్ఈ బడుల్లో చదువుతారు. పన్నెండో తరగతి కాగానే పై చదువుకు ఊరు వదలాలి. పదకొండులో హ్యుమానిటీస్ శాఖ ఉండాలన్నా తగినంత మంది పిల్లలు చేరాలి. చిన్న ఊళ్లో అది కష్టం. తెలుగు నేల మీద ఎంపీసీ, బైపీసీల ముందు హెచ్ఈసీ గ్రూపుకు పట్టిన గతి కూడా ఇదే. అక్కడ మార్కులు తక్కువ వచ్చినవాళ్లకు మిగిలే గ్రూపుగా దాన్ని చూడటం వల్ల ఎంతోమంది మంచి విద్యార్థులను చరిత్ర, రాజనీతి శాస్త్రాలు కోల్పోయాయి.

ఇంజనీరింగ్‌లో చేరినవారికి మాత్రం తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, వృత్తి చదువులకు సాధారణ విద్య తోడు కావాలని గట్టిగా చెప్పింది. నేడు ఐఐటీ హైదరాబాద్‌లో లిబరల్ ఆర్ట్స్ విభాగం ఉంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ కంప్యూటర్ శాస్త్రాన్నీ మానవ శాస్త్రాలనూ కలిపి డ్యూయల్ డిగ్రీ నడుపుతోంది. ఎమిరేట్స్‌లోనే 2000లో మొదలైన బిట్స్ పిలానీ దుబాయ్ ప్రాంగణంలో, 2024లో బీటెక్ ప్రారంభించిన ఐఐటీ ఢిల్లీ అబుదాబి ప్రాంగణంలో ఇంజనీరింగ్ విద్యార్థులు మానవీయ శాస్త్రాల పాఠాలు చదువుతారు.

చరిత్రనో సాహిత్యాన్నో ప్రధానంగా చదవదలచిన రువైస్ తెలుగు విద్యార్థికి దగ్గరి దారి అబుదాబి సోర్బాన్ లేదా న్యూయార్క్ యూనివర్సిటీ. స్వదేశం వైపు చూస్తే, 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఇంటర్ లేదా పన్నెండో తరగతి తర్వాత నేరుగా చేరగల అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏను తెలుగు, చరిత్ర, భాషాశాస్త్రాల వంటి విషయాల్లో నడుపుతోంది. ఇంటర్‌లో సైన్స్ చదివినవారు కూడా ఇందులో చేరవచ్చు.