విచారణకు ముందటి మాట

ఎర్రగడ్డ దారిని పోవువారందఱును ఇ. ఎస్. ఐ. ఆస్పత్రి నెఱుగుదురు. మెట్రో రైలుకు దాని పేర నొక స్టేషను కూడ గలదు. కాని ఆ మూడక్షరముల వెనుక నున్న చరిత్ర మన యిండ్లలో వినబడుట యరుదు. యంత్రమున చేయి నలిగినవానికి సొమ్ము ఎవరు, ఎంత, ఎప్పు డీయవలె నను తగవే దానికి మూలము. ఆ తగవున సాక్షుల విచారణ కంటె దానికి ముందు ఇరుపక్షములవారు కలిసి మాటాడు ఘట్టమే ముఖ్యమని మా యభిప్రాయము.

పూర్వము గాయపడిన పనివాడు యజమాని తప్పును తానే ఋజువు చేయవలసి యుండెను. తోడిపనివాని పొరపాటున దెబ్బ తగిలినచో యజమానికి బాధ్యత లేదని ఇంగ్లండు న్యాయస్థానము 1837లో తీర్పు చెప్పెను. జర్మనీ 1884లోను, ఇంగ్లండు 1897లోను ఈ పద్ధతిని విడిచినవి. మన దేశమున 1923లో కార్మిక నష్టపరిహార చట్టము పుట్టి, 1924 జూలై 1 నుండి అమలునకు వచ్చెను. అది బ్రిటిషు ఇండియాకే గాని నిజాము రాజ్యమునకు వర్తింపలేదు. 1942లో సనత్‌నగరమున ఆల్విన్ కర్మాగారము వెలసిన నాటికిని స్థితి యిదియే.

ఆ చట్టము చేసినవారు లోకానుభవము గలవారని యొప్పుకొనవలెను. భర్త పోయిన యింటికి పదునొకండవ దినము కాకమునుపే గుమాస్తా వచ్చును. కొంత రొక్కము చేతబెట్టి కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొనును. దీనికి విరుగుడుగా, మరణించినవాని పరిహారమును కమిషనరు వద్దనే జమకట్టవలెననియు, చేతికిచ్చినది చెల్లింపు కాదనియు శాసించిరి. స్త్రీలకు ఒక్కసారిగా చెల్లించు మొత్తమునకును ఇదే నియమము. పరిహారపు హక్కును వదలుకొను ఒప్పందము చెల్లదనిరి. ఇతర రాజీలను రిజిస్టరు చేయవలెననియు, మొత్తము చాలకున్నను, మోసమున్నను కమిషనరు నిరాకరింపవచ్చుననియు విధించిరి. చదువురాని వారి దరఖాస్తును, వారు కోరినచో, కమిషనరే వ్రాయింపవలెను. రాజీ మంచిదని మనము పిల్లలకు నేర్పుదుము, నిజమే. కాని ఆకలిగొన్నవాడును కడుపునిండినవాడును చేసికొను రాజీకి నడుమ మూడవవాడొకడు కూర్చుండవలదా?

ఇక మొదటి వాయిదా. ఇరువురు చెప్పినది విని, ఎందులో నేకీభావము, ఎందులో భేదము గలదో తేల్చి, వివాదాంశములను వ్రాయుట కమిషనరు విధి. ఇతడు మా పనివాడే కాడు, మేస్త్రి తెచ్చినవాడని యజమాని యనుట పరిపాటి. మేస్త్రి తెచ్చినను అసలు యజమానియే బాధ్యుడని చట్టము చెప్పుచున్నను ఈ మాట మానరు. పని, జీతము, ప్రమాదము అను మూటిలో రెండింటిని ఆనాడే యొప్పించినచో, ఉద్యోగభయమున నోరు విప్పని తోడిపనివారిని ఆ వితంతువు సాక్ష్యమునకు బ్రతిమాలనక్కఱలేదు. మిగిలినది లెక్కయే.

ఆ లెక్కయు సులభము కాదు. 1968లో ఒడిషాలో నొక వడ్రంగి సినిమాహాలు పనిలో పడి ఎడమచేయి పోగొట్టుకొనెను. పట్టిక ప్రకార మది పాక్షిక నష్టమే యని యజమాని వాదించెను. ఒంటిచేతితో వడ్రంగము సాగదు గనుక నష్టము సంపూర్ణమనియు, సొమ్ము తీర్పునాటి నుండి గాక దెబ్బతగిలిన నాటినుండియే బాకీ యనియు 1975లో సుప్రీంకోర్టు నిర్ణయించెను.

1948 చట్టము మఱియొక మార్గము తీసెను. యజమానియు పనివాడును చందా కట్టగా పరిహారమును సంస్థయే చెల్లించును. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో మొదలై, తరువాత హైదరాబాదునకు వచ్చెను. బీమా గలవాడు యజమానిని పరిహార మడుగరాదు, అడుగనక్కఱయు లేదు. కాని తగవు చావలేదు, చోటు మారినది. సంపాదనశక్తి నూటికెంత తగ్గినదో వైద్యమండలి తేల్చును. అక్కడ మూడవవాడు లేడు. అప్పీలు మార్గమున్నదని తెలిసినవా రెందఱు?

బీమా లేనివారికి కమిషనరే దిక్కు. 2009 సవరణ మూడు నెలలలో తేల్చుమనెను. పై చట్టములు రెండును 2020 సామాజిక భద్రతా కోడులో కలిసినవి; అది 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చెను. అమీరుపేట, పంజగుట్టల మేడలకు ఇసుక మోసిన ఆలుమగల కూలి పలుచోట్ల మగని పేరనే వ్రాయబడును. ఆమె సారువపై నుండి పడిననాడు మొదటి వాయిదాలో అడుగు మొదటి ప్రశ్న, ఈమె మీ పనిమనిషియేనా యని.