అంతా ఫార్ములానేనా?

రూబిక్స్ క్యూబు మీద మా సిద్దిపేటలో నేను తరచుగా వినే ఆరోపణ ఒకటే: "అండ్ల తెలివేమున్నది? ఫార్ములాలు బట్టీ పట్టి తిప్పుడే కదా!" మా బాపు అంటడు, పిల్లలకు లెక్కలు చెప్పే సార్లు అంటరు, క్యూబు తిప్పడం రాని పిల్లలైతే ఇంకా గట్టిగ అంటరు. ఎంట్రన్స్ ర్యాంకు చుట్టూ ఇళ్లకిళ్లే తిరిగే చోట బట్టీ అన్నది ఉత్త మాట కాదు. బట్టీతోనే పైకొచ్చినోళ్లం మనమే, దాన్ని చూసి లోపల సిగ్గుపడేదీ మనమే. అందుకే ఈ ఆరోపణను నవ్వి కొట్టిపారేయబుద్ధి కాలేదు. అసలు క్యూబులోకి ఫార్ములా ఎప్పుడొచ్చింది, ఎవరు తెచ్చారు, తెచ్చి ఏం చేశారు?

మొట్టమొదటి మనిషి దగ్గర ఏ ఫార్ములా లేదు. 1974 వసంతంలో బుడాపెస్టులోని అనువర్తిత కళల కళాశాలలో పాఠాలు చెప్పే ఎర్నో రూబిక్‌కి ఇంకా ముప్ఫై నిండలేదు. చెక్క ముక్కలన్నీ విడివిడిగా తిరగాలి, కానీ మొత్తం ఊడి పడిపోకూడదు. ఆయన్ని పట్టి పీడించిన సమస్య ఇదే. రబ్బరు బ్యాండ్లతో కట్టి చూస్తే తెగిపోయాయి. చివరికి ముక్కలే ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడే అమరిక దొరికింది. రంగులు అతికించి నాలుగు తిప్పులు తిప్పాడు. అప్పుడు తెలిసింది, వెనక్కి పోయే దారి తనకే తెలియదని. తను చేసిన బొమ్మను తను సరిచేయడానికి ఆయనకు నెలకు పైగా పట్టింది.

అంతకు రెండేళ్ల ముందే, 1972లో, అమెరికాలో లారీ నికోల్స్ అనే ఆయన ఇలాంటిదే చిన్నది, ఒక్కో అంచుకి రెండేసి ముక్కలుండేది, పేటెంట్ చేయించుకున్నాడు. ఆ ముక్కలను పట్టి ఉంచినవి అయస్కాంతాలు. ఈ అయస్కాంతాల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

రూబిక్ బొమ్మ 1977లో హంగేరీ దుకాణాల్లోకి 'బువోష్ కొత్స్క', అంటే మాయా ఘనం, అన్న పేరుతో వచ్చింది. 1980లో ఐడియల్ టాయ్ కంపెనీ దానికి రూబిక్ పేరు పెట్టి ప్రపంచమంతా అమ్మింది. క్యూబుకి ఉండగల అమరికలు 43,252,003,274,489,856,000. మన లెక్కలో నాలుగు లక్షల ముప్ఫై రెండు వేల కోట్ల కోట్లకు పైనే. సెకనుకొకటి చొప్పున చూస్తూ పోతే ఈ విశ్వం వయసుకు దాదాపు వంద రెట్లు కావాలి. అంటే గుడ్డిగా తిప్పితే ఎన్నడూ తేలదు. ఏదో ఒక పద్ధతి కావాల్సిందే.

పద్ధతిని ఒకరి నుంచి ఒకరికి అందించాలంటే ముందు దానికొక భాష ఉండాలి. ఆ భాష ఇచ్చినవాడు లండన్‌లో లెక్కలు చెప్పే డేవిడ్ సింగ్‌మాస్టర్. ఒక్కో ముఖానికి ఒక్కో ఇంగ్లీషు అక్షరం పెట్టాడు: కుడికి ఆర్, పైదానికి యు, ఇట్లా. అక్షరం ఒక్కటే ఉంటే గడియారం ముల్లు దిశలో తిప్పాలి, పక్కన చిన్న గీత ఉంటే ఎదురు దిశలో. ఇవాళ్టికీ ప్రపంచమంతా రాసుకునేది ఈ లిపిలోనే. 1981 నాటికి క్యూబు సాధించే పుస్తకాలు లక్షల్లో అమ్ముడయ్యాయి. అందులో ఒకటి రాసింది ప్యాట్రిక్ బాసర్ట్ అనే ఇంగ్లీషు బడిపిల్లవాడు. ఫార్ములా పెద్దల సొత్తుగా ఉన్నది నిండా రెండేళ్లు కూడా కాదన్నమాట.

1982 జూన్ 5న బుడాపెస్టులో మొదటి ప్రపంచ పోటీ జరిగింది. గెలిచింది మిన్ థాయ్, అమెరికాలో స్థిరపడ్డ వియత్నాం కుర్రాడు, సమయం 22.95 సెకన్లు. అదే పోటీలో పదో స్థానంలో చెకొస్లోవాకియా నుంచి వచ్చిన జెస్సికా ఫ్రిడ్రిక్ ఉంది. తర్వాత క్యూబు మోజు చల్లారింది, బొమ్మలు అటకెక్కాయి. ఫ్రిడ్రిక్ మాత్రం తన పద్ధతిని వదల్లేదు. అమెరికా వెళ్లాక 1990ల చివర్లో ఇంటర్నెట్లో మొత్తం విప్పి పెట్టింది. 2003లో టొరాంటోలో ప్రపంచ పోటీ మళ్లీ మొదలైనప్పుడు డాన్ నైట్స్ గెలిచాడు, ఫ్రిడ్రిక్ రెండో స్థానం. పదో స్థానం నుంచి రెండో స్థానానికి ఇరవై ఒక్క ఏండ్లు. మరుసటి ఏడు ప్రపంచ క్యూబు సంఘం పుట్టింది.

ఇప్పుడు ఆరోపణ దగ్గరికి వద్దాం. ఫ్రిడ్రిక్ పేరుతో చలామణి అయ్యే పద్ధతిలో (కొన్ని మెట్లు డచ్చి దేశపు క్యూబర్లు కూడా కనిపెట్టారు) నాలుగు దశలు. కింద శిలువ, తర్వాత రెండు వరసలు, పైముఖం రంగు, చివరికి పై ముక్కల స్థానాలు. చివరి రెండు దశలకు 57, 21 కలిపి 78 ఫార్ములాలు. ఇవి బట్టీనే, సందేహం లేదు. కానీ మొదటి రెండు దశలు, అంటే సగానికి పైగా పని, బట్టీకి లొంగవు. ఒక ముక్కను పెడుతున్న చేతుల వెనకాల కళ్లు తర్వాతి ముక్కను వెతుకుతుండాలి. చేతులు ఎంత వేగంగా పోతున్నా కళ్లు ఆగితే సమయం పోయినట్టే. అందుకే అభ్యాసంలో అనుభవం ఉన్నోళ్లు చెప్పే మాట విచిత్రంగా ఉంటుంది: "నిదానంగ తిప్పు, ఆగకు."

ఇంకోటి చేసి చూడండి. కుడి పక్క పైకి, పై వరస ఎడమకి, కుడి పక్క కిందికి, పై వరస కుడికి. మా గల్లీ పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లేకుండా దీన్ని పాటలాగ అనుకుంట నేర్చుకుంటరు. ఒకసారి చేస్తే క్యూబు చెదురుతుంది. ఆరుసార్లు చేస్తే మొదటికొస్తుంది, ఎక్కడా తేడా ఉండదు. అందులో చివరి రెండు తిప్పులు తీసేసి, కుడి పక్క పైకి, పై వరస ఎడమకి మాత్రమే చేస్తూ పోండి. మొదటికి రావడానికి నూట అయిదు సార్లు కావాలి. ఎందుకు ఆరు, ఎందుకు నూట అయిదు? ఆ ప్రశ్న అడిగిన పిల్లకు గణితంలో సమూహ సిద్ధాంతం తలుపు తీసినట్టే. అడగని పిల్లకు ఫార్ములా ఫార్ములాగానే ఉండిపోతుంది. బట్టీ పట్టిన ఫార్ములా తాళంచెవి లాంటిది, తలుపు దాకా పోవాల్సింది మాత్రం మనమే.

పైగా వేళ్లకున్న జ్ఞాపకాన్ని చిన్నచూపు చూసే హక్కు సిద్దిపేట మనుషులకు అస్సలు లేదు. ఇది గొల్లభామ చీర ఊరు. నెత్తిన కుండ పెట్టుకున్న ఆ భామ మగ్గం మీద వరస వరసగా లేస్తుంది. ఏ వరసలో ఏ పోగుల నడుమ రంగు దారం దూర్చాలో నేసేవాళ్ల వేళ్లకు తెలుసు. దాన్ని బట్టీ అని ఎవరమూ అనం, పనితనం అంటాం.

కళ్లకు గంతలు కట్టుకుని చేసే పోటీ చూస్తే నాకు అవధానం గుర్తొస్తుంది. ముందు క్యూబును చూసి గుర్తుపెట్టుకోవాలి, తర్వాత గంతలు కట్టుకుని చూడకుండా పూర్తిచేయాలి. గుర్తుపెట్టుకునే సమయం కూడా లెక్కలోకి వస్తుంది. ఒక్కో రంగుముక్కకు ఒక అక్షరం ఉంటుంది. ఒక క్యూబుకు దాదాపు ఇరవై అక్షరాలు వరసగా గుర్తుండాలి. వాటిని రెండేసిగా జతచేసి బొమ్మలు కట్టుకోవడం లోకమంతటా ఉన్న ఉపాయం. నేను తెలుగు అక్షరాలు పెట్టుకున్నాను. బ, డ వస్తే బడి. మ, ర వస్తే మర్రి. క, ప వస్తే కప్ప. బడి ముందు మర్రి, మర్రి మీద కప్ప. ఇంక మరిచిపోమన్నా మరిచిపోను. పృచ్ఛకులు ముక్కలు ముక్కలుగా ఇచ్చిన పద్యాలన్నిటినీ అవధాని చివర్లో ధారణతో వరసగా అప్పజెప్పినప్పుడు సభ లేచి చప్పట్లు కొడుతుంది. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి జనానికి అలవాటు చేసిన ఆ గౌరవం ధారణకు దక్కిందే కదా. మరి క్యూబు దగ్గరికొచ్చేసరికి అదే శక్తి బట్టీ ఎట్లయింది?

పోటీల తీరు కూడా చూడాలి. కంప్యూటరు ఇచ్చిన వరస ప్రకారం క్యూబును చెదరగొట్టి, మూతపెట్టి తెస్తారు. చూసుకోవడానికి పదిహేను సెకన్లు. ఎనిమిదో సెకనులో ఒకసారి, పన్నెండో సెకనులో ఒకసారి హెచ్చరిక. రెండు చేతులూ టైమరు మీద పెట్టి తీస్తే ఆట మొదలు. అయిదుసార్లు చేయాలి, బాగా వచ్చినదొకటి, బాగా చెడినదొకటి తీసేసి మిగిలిన మూడింటి సగటు చూస్తారు. వయసు వర్గాల్లేవు, ఆడా మగా వేర్లేవు. పదేళ్ల పిల్ల పక్కన ఇంజనీరు కూర్చుంటాడు. సిద్దిపేట నుంచి బస్సెక్కి జేబీఎస్‌లో దిగి హైదరాబాద్ పోటీకి పోయినవాడికీ, అదే గుంపులో ఉన్న ఛాంపియన్‌కీ వచ్చే చిక్కు ఒక్కటే. పరీక్షలో మాత్రం పేపరొక్కటే అయినా చదువుకున్న కోచింగులు ఒక్కటి కావు.

ఇక్కడా డబ్బు పాత్ర లేకపోలేదు. మొదటి క్యూబులు బిర్రుగా ఉండి వేలు నొప్పి పుట్టేవి. 2010 తర్వాత చైనా కంపెనీలు దయాన్, మోయు, గాన్ లోపలి అమరికే మార్చేశాయి. కొంచెం వంకరగా ఉన్నా ముక్క తిరిగిపోతుంది. గత పదేళ్లలో లోపల అయస్కాంతాలు చేరాయి, ముక్క సరిగ్గా తన చోట వచ్చి ఆగుతుంది. 1972లో నికోల్స్ పెట్టిన అయస్కాంతమే మరో పని మీద తిరిగొచ్చింది. అయినా మంచి క్యూబు ఖరీదు ఒక నెల ట్యూషన్ ఫీజంత ఉండదు. ఫార్ములాలు ఫోన్‌లో ఉచితం. భీమవరానికి చెందిన గాదిరాజు కృష్ణంరాజు 2014లో 24 గంటల్లో ఒంటి చేత్తో 2,176 క్యూబులు పూర్తిచేసి గిన్నిస్‌కెక్కాడు. ఆ ఒంటి చేతికి కావాల్సింది ఖరీదైన వస్తువు కాదు, ఓపిక.

2010లో గణితజ్ఞులు, ప్రోగ్రామర్లు కలిసి గూగుల్ ఇచ్చిన కంప్యూటర్ల మీద ఒక సంగతి తేల్చారు. ఎంత చెదిరిన క్యూబునైనా ఇరవై తిప్పుల్లో సరిచేయొచ్చు. ఒక కంప్యూటరే చేస్తే ముప్ఫై అయిదేళ్లు పట్టే లెక్క అది. కానీ ఆ ఇరవైని పట్టుకుని పోటీలో ఎవరూ నడవరు. 2023లో మ్యాక్స్ పార్క్ 3.13 సెకన్లలో చేశాడు, 2025లో గెంగ్ షువాన్యీ 3.05కి దించాడు. వాళ్ల దారి కూడా ఫ్రిడ్రిక్ వేసిన దారే. ఆ దారిలో మామూలుగా యాభై, అరవై తిప్పులు పడతాయి.

ఆ ఎక్కువైన తిప్పుల్లోనే మనిషి కనబడతాడు. ఎక్కడ ఏ ముక్క ముందు పెట్టాలి, ఎటు చూడాలి, ఏ ఫార్ములాను ఎక్కడ ఆపాలి అన్నవి ఎవరికి వాళ్లు ఆ క్షణంలో తేల్చుకునేవి. మన కాలేజీల్లో ఫార్ములా నోటికొస్తే చదువు అయిపోయినట్టు. క్యూబు దగ్గర అది వచ్చాకే ఆట మొదలవుతుంది. పిల్లల చేతిలో క్యూబు కనిపించినప్పుడు "ఎన్ని ఫార్ములాలొచ్చు?" అని కాకుండా "ఇప్పుడీ ముక్క ముందెందుకు పెట్టినవ్?" అని అడగండి. చెప్పడానికి వాళ్ల దగ్గర చాలా ఉంటుంది.