బిడ్డ పక్షాన ఎవరి చేవ్రాలు?

1796వ సంవత్సరము మే 14వ తేదీన ఇంగ్లండులోని బర్క్‌లీ అను చిన్న ఊరిలో ఎడ్వర్డ్ జెన్నర్ అను వైద్యుడు ఒక పిల్లవాని చేతిపై రెండు గాట్లు పెట్టి, పాలు పితుకు యువతి చేతి మీది గోమసూరి పొక్కునుండి తీసిన రసమును వానిలో ఎక్కించినాడు. పిల్లవాని పేరు జేమ్స్ ఫిప్స్. వయస్సు ఎనిమిదేండ్లు. ఏడు వారములు గడచిన పిదప, జూలై 1న, నిజమైన మశూచి రసమునే వాని ఒంటికి ఎక్కించి చూచినాడు. పిల్లవానికి మశూచి రాలేదు. లోకమునకు టీకా దొరికినది.

ఈ కథ శ్రోతలకు కొత్తది కాదు. అయితే మనము చదువుకొన్న కథలో వైద్యుడు కనబడినట్లు పిల్లవాని తండ్రి కనబడడు. ఆయన జెన్నర్ వద్ద తోటపని చేసికొనిన మనిషి. పని ఇచ్చువాడు అడిగినపుడు కాదనగల స్థితి ఆయనకు ఉండెనా అన్నది ఆలోచింపదగినది. జెన్నర్‌ను నిందించుటకు ఈ మాట అనుట లేదు. మశూచి రసమును ఆరోగ్యవంతులకు ఎక్కించి తేలికపాటి జబ్బు తెప్పించుట ఆనాడు వాడుకలో ఉన్న పద్ధతియే. ఫిప్స్ పెద్దవాడైన పిమ్మట జెన్నర్ అతనికి అద్దె లేకుండ ఉండుటకు ఇల్లు కూడ ఇచ్చినాడు. అయినను, తనంత తాను సమ్మతి చెప్పలేని బిడ్డ పక్షాన ఆ మాట చెప్పుటకు ఎవరికి అధికారము కలదన్న ప్రశ్న అక్కడ లేకపోలేదు.

తండ్రి ఉన్నవాని సంగతి అది. 1803 నవంబరులో స్పెయిన్ దేశపు కొరున్నా రేవునుండి 22 మంది అనాథ బాలురతో ఒక ఓడ అమెరికా ఖండమునకు బయలుదేరినది. టీకా రసమును చల్లగా నిలువయుంచు సాధనములు లేని ఆ కాలమున దానిని సముద్రము దాటించుటకు బిడ్డల చేతులే పాత్రలైనవి. ఇద్దరికి టీకా వేసి, వారి పొక్కులు పండగానే ఆ రసమును మరి ఇద్దరికి వేయుచు దారి పొడవునను సాగించినారు. వారి వెంట ఇసబెల్ సెందాల్ అను శరణాలయపు పర్యవేక్షకురాలు తన కుమారునితో సహా బయలుదేరినది. ఈ యాత్ర వలన లెక్కలేనన్ని ప్రాణములు నిలిచినవి. కాని ఆ పనికి శరణాలయపు పిల్లలే ఏల కావలసి వచ్చినారు? వారు ఒక్కచోట దొరకుదురు. వద్దని చెప్పుటకు వారి వెనుక ఎవరును లేరు. తరువాతి చరిత్రలో ఈ రెండు కారణములును మాటిమాటికి ఎదురగుచుండును.

నియమములు పుట్టిన చోటును చూడవలెను. ఆల్బర్ట్ నైసర్ అను ప్రసిద్ధ వైద్యుడు చెప్పకుండ కొందరు స్త్రీలకు సుఖరోగుల రక్తరసమును ఎక్కించిన సంగతి బయటపడి, 1900 డిసెంబరులో ప్రష్యా ప్రభుత్వము ఒక ఆజ్ఞ వెలువరించినది. చికిత్స కొరకు గాక జరుపు ప్రయోగములు మైనరులపై చేయరాదన్నది అందులోని ఒక అంశము. 1930లో జర్మనీలోని లూబెక్ నగరమున సుమారు 250 మంది శిశువులకు క్షయ టీకా మందును నోటిద్వారా ఇచ్చినారు. స్థానిక ప్రయోగశాలలో ఆ మందులో నిజమైన క్షయ క్రిములు కలిసిపోయినవి. 70 మందికి పైగా పసికందులు చనిపోయినారు. మరుసటి ఏడు ఫిబ్రవరి 28న జర్మనీ ప్రభుత్వము కొత్త నియమములు చేసినది: పదునెనిమిదేండ్ల లోపువారికి ఏ కొంచెము అపాయము కలిగించునదైనను ఆ ప్రయోగము నిషిద్ధము. ఇంతకంటె తేటగా చెప్పుట కష్టము. ఆ నియమములు వెలువడిన పదునాలుగేండ్లకు, అదే జర్మనీలో, హైస్‌మైయర్ అను వైద్యుడు 20 మంది యూదు పిల్లలకు క్షయ క్రిములను ఎక్కించినాడు. 1945 ఏప్రిల్ 20 రాత్రి, యుద్ధము ముగియనుండగా, హాంబుర్గ్‌లోని ఒక బడి నేలమాళిగలో ఆ బిడ్డలను ఉరిదీసినారు.

1947లో న్యూరెంబర్గ్ న్యాయస్థానము ప్రకటించిన సూత్రములలో మొదటిది, మనిషి స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అని. బిడ్డ సంగతి అందులో లేనేలేదు. సంరక్షకుని సమ్మతి అను మాట 1964నాటి హెల్సింకీ ప్రకటనలో వచ్చినది.

సంరక్షకుని సమ్మతి ఉన్నంత మాత్రమున సరిపోవునా? న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ అను ప్రభుత్వాశ్రమమున బుద్ధిమాంద్యముగల పిల్లలు వేలకొలది ఉండెడివారు. చోటుకు మించిన జనము, అపరిశుభ్రత. చేరిన పిల్లలలో పెక్కుమందికి కామెర్లు వచ్చెడివి. 1950ల నడుమనుండి సుమారు పదునైదేండ్లు డాక్టరు సాల్ క్రుగ్‌మన్ అక్కడ పరిశోధన సాగించినాడు. కొత్తగా చేరిన కొందరు పిల్లలకు, రోగుల మలమునుండి తయారుచేసిన ద్రవమును త్రాగించి, ఆ జబ్బును కావలెననియే తెప్పించినాడు. ఎట్లును వచ్చెడి జబ్బే కదా, మా వార్డులో మంచి పోషణ నడుమ వచ్చినచో మేలని ఆయన వాదము. ఆశ్రమమును శుభ్రపరచుట మరియొక మార్గమని ఆ వాదమునకు తట్టినట్లు లేదు.

తల్లిదండ్రులు చేవ్రాలు చేసినారు. ఆ చేవ్రాలు ఎట్టివి? 1964లో ఆశ్రమము నిండిపోయి కొత్తవారిని చేర్చుకొనుట మానినపుడు, పరిశోధన వార్డులో మాత్రము చోటున్నదని కొందరు తల్లిదండ్రులకు తెలియజేసినారు. ఇంట సాకలేక అలసిన తల్లికి ఆ కాగితము బిడ్డకు చోటు దొరకు చీటీ. పర్యవేక్షణ లేదా అన్న, ఉన్నది! సైనిక వైద్య మండలియు, రాష్ట్ర శాఖయు, విశ్వవిద్యాలయమును ఈ పనిని ఆమోదించినవే. ఆమోదించినవారిలో బిడ్డ వైపు నిలిచి అడిగినవారు కానరారు. 1966లో హెన్రీ బీచర్ అను హార్వర్డ్ ఆచార్యుడు అనైతికములని ఎంచిన 22 పరిశోధనలను ఒక వ్యాసమున వివరించినాడు. విల్లోబ్రూక్ పని వానిలో ఒకటి. క్రుగ్‌మన్ కనుగొన్న విషయములు మాత్రము నిలిచినవి: ఈ కాలేయ వ్యాధి రెండు రకములని తేలినది, టీకాకు దారి ఏర్పడినది. ఫలితము గొప్పది కనుక చేసిన పని సరియైనదని చెప్పువారు నేటికిని కలరు. నేను వారితో ఏకీభవింపలేను.

ఇక మన ఇంటి సంగతి. 2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలములందు పదినుండి పదునాలుగేండ్ల వయస్సుగల సుమారు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు రాకుండ టీకాలు వేసినారు. అమెరికాకు చెందిన పాత్ అను సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వము కలసి చేసిన పని అది. టీకా మంచిదే, పెక్కు దేశములు వాడుచున్నవి. ఈ పనికి ప్రయోగమని గాక "ప్రదర్శన ప్రాజెక్టు" అని పేరు పెట్టినారు. గుజరాత్‌లోను ఇట్టిదే జరిగినది. రెండు చోట్ల కలిపి ఏడుగురు బాలికలు మరణించినట్లు వార్తలు రాగా 2010 ఏప్రిల్‌లో పని ఆగినది. ఆ మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలినది మరియొకటి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘము ఇచ్చిన నివేదిక ప్రకారము, ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రములలో 2,763 పత్రములపై హాస్టలు వార్డెన్ల సంతకములున్నవి. 1,948 పత్రములపై వేలిముద్రలున్నవి. చదువు కొరకు ఆశ్రమ పాఠశాలలో దించి వెళ్లిన గిరిజన తల్లిదండ్రులు అన్నము పెట్టు బాధ్యతను వార్డెనుకు అప్పగించినారు గాని, బిడ్డ శరీరముపై అధికారమును కాదు. ప్రదర్శన అను పేరు ఎట్లున్నను ఇది పరిశోధనయేనని సంఘము తీర్పు చెప్పినది.

2017లో వైద్య పరిశోధనా మండలి పిల్లలపై జరుపు పరిశోధనలకై ప్రత్యేక మార్గదర్శకములను వెలువరించినది. తల్లిదండ్రుల సమ్మతితోబాటు, ఏడేండ్లు నిండిన బిడ్డకు దానికి తెలిసిన మాటలలో చెప్పి ఒప్పుకోలు అడుగవలెను. పన్నెండేండ్లు దాటినవారినుండి వ్రాతమూలముగా పుచ్చుకొనవలెను. ఆ లెక్కన ఖమ్మం బాలికలలో ప్రతి యొక్కరిని అడిగియుండవలసినది. వారిలో పెద్దవారిచేత చేవ్రాలు చేయించుకొని యుండవలసినది.