భూగర్భ జలశాస్త్రం

భూగర్భ జలశాస్త్రం భూమి లోపలి నీటి ఉనికిని, కదలికను అధ్యయనం చేసే శాస్త్రం. ఇసుక గుండా నీరు ప్రవహించే నియమాన్ని ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ 1856లో ప్రకటించాడు.

తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్ జిల్లాలలో ఎక్కువ భాగం గ్రానైటు, నైస్ శిలలతో కూడినది. వీటిలో నీరు ప్రధానంగా పైనున్న శిథిల శిలల పొరలోను, దాని దిగువనున్న పగుళ్ళలోను నిలుస్తుంది. అందువలన ఒక బోరుబావిలో నీరు పడినా పక్క చేనులో పడకపోవచ్చు. లోతుకు పోయినకొద్దీ సాధారణంగా పగుళ్ళు తగ్గుతాయి కనుక, బోరును ఇంకా లోతుగా వేయించిన రైతుకు అప్పే మిగలవచ్చు. భూపాలపల్లి బొగ్గు క్షేత్రంలోని గోండ్వానా ఇసుకరాళ్ళలో మాత్రం రేణువుల మధ్య ఖాళీలలో కూడా నీరుంటుంది.

నేల విద్యుత్ నిరోధకతను కొలిచి, నీరు దొరకగల చోటును శాస్త్రజ్ఞులు అంచనా వేస్తారు. ఒక బావి నుండి నీటిని తోడుతూ, పరిసర బావులలో నీటిమట్టం ఎంత తగ్గినదో గమనించి, శిలల గుండా నీటి ప్రవాహాన్ని లెక్కకడతారు. 1961లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ కఠినశిలా ప్రాంతాలలో ఇటువంటి పరిశోధనలు చేస్తున్నది.