గడప దాటిన చీడ

మన వరిచేలలో పాలుపట్టు గింజలను పీల్చెడి కంపునల్లిని రైతులందరును ఎరుగుదురు. దాని దూరపు బంధువే గోధుమవన్నె కంపునల్లి. చైనా, జపాను, కొరియా దేశములు దాని పుట్టినిల్లు.

అమెరికాలో ఇది 1998లో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి అలెన్‌టౌనులో మొట్టమొదట దొరికినది. ఓడ సరకులతో వచ్చియుండునని శాస్త్రజ్ఞుల ఊహ. చలికాలమున వెచ్చదనము కోరి ఇండ్లలో దూరెడి ఈ పురుగును తొలుత స్థానిక జాతిగా పొరబడిరి. 2001లో కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు గుర్తించునాటికి అది స్థిరపడిపోయినది.

2011లో మేరీలాండులోని ఒక్క ఇంట ఆరు నెలలలో లెక్కకు వచ్చిన పురుగులు 26,205! ఇంటిలో ఇది చికాకు మాత్రమే, తోటలో వినాశము. 2010లో అట్లాంటిక్ తీరపు మధ్య రాష్ట్రములలో ఆపిలు పంటకే 3 కోట్ల 70 లక్షల డాలర్ల నష్టము వాటిల్లినది. రైతులు మందులు అధికముగా చల్లగా, మేలుచేయు కీటకములు నశించి ఇతర చీడలు పెచ్చుపెరిగినవి.

ఆసియాలో ఈ నల్లి గ్రుడ్లలో తన గ్రుడ్లను పెట్టి వానిని నాశనము చేయు చిన్న కందిరీగ యొకటి కలదు. దానిని విడుచుట క్షేమమా యని శాస్త్రజ్ఞులు నిర్బంధములో పరీక్షించుచుండగనే, 2014లో అది మేరీలాండులో ఆరుబయట కనబడినది. పరీక్షశాలనుండి తప్పించుకొన్నది కాదనియు, వేరుగా వచ్చినదనియు జన్యుపరిశీలన తేల్చినది. పిలువని శత్రువు వెనుక పిలువని మిత్రుడును వచ్చెను.

అయినను మిత్రుని రాకకు పదునారేండ్లు పట్టినది. కనుక కిటికీ సందున కనబడిన క్రొత్త పురుగును ఊడ్చిపారవేయక, తెలిసినవారికి చూపుట మేలు.