లాంబ్ : ఒక ఆంగ్లపదము పూర్వోత్తరములు

లాంబ్ : ఆంగ్లభాషయందు ఏడాది నిండని గొఱ్ఱెపిల్లకును, దాని మాంసమునకును, ఉపచారముగా సాధువగు మనుష్యునకును, ముద్దుబిడ్డకును పేరు. జర్మను, డచ్చి భాషలలోని ‘లామ్’ దీనికి సహోదరము.

ఈ పదము మొదట పిల్లకే చెల్లినదనుకొనుట సహజమే కాని, నాలుగవ శతాబ్దమున వుల్ఫిలా క్రైస్తవ వేదమును జర్మానిక జాతివారగు గోతుల భాషలోనికి పరివర్తించినపుడు ‘లాంబ్’ శబ్దమును ఎదిగిన గొఱ్ఱెకును వాడెను. పురాతన కాలమున జర్మానిక జాతులనుండి ఫిన్నులు గ్రహించిన ‘లమ్మస్’ నేటికిని వారికి గొఱ్ఱెయే. కావుననే క్రీస్తును దేవుని గొఱ్ఱెపిల్లగా కీర్తించు యోహాను సువార్త వాక్యమునకు గోతులు ‘విథ్రుస్’ అను వేఱొక పదమును ఆశ్రయించిరి. అది ఆంగ్లమున ‘వెదర్’ అయి, విత్తుగొట్టిన పొట్టేలునకు పేరుగా నిలిచినది. సంవత్సరమును దెలుపు ప్రాచీన ధాతువునుండి పుట్టిన ఆ పదమునకు మన వత్సము, వత్సరము జ్ఞాతులు; ఏటి పిల్లను ఏటి పేరుతోనే పిలిచిన పశుపాలకుల వాడుక ఇంత దూరమున్న రెండు భాషలలో నిలిచియుండుట మిక్కిలి మనోహరమైన విషయము.

ప్రాచీనాంగ్లమున లాంబ్ పదమునకు బహువచనము ‘లంబ్రు’. శిశువు, దూడ, గ్రుడ్డు అను అర్థములు గల మాటలును ఆ తీరుననే రేఫమును చేర్చుకొనెడివి. వానిలో శిశువాచకము మాత్రమే ‘చిల్డ్రన్’ రూపమున ఆ రేఫమును కాపాడుకొనగా, తక్కినవి సామాన్యమగు సకారమునకు లొంగినవి. తుది బకారము మధ్యాంగ్ల యుగమున నోటినుండి జాఱిపోయి, వ్రాతలో మాత్రము మిగిలినది. ఆ వ్రాతను జూచి, ఎన్నడును బకారము లేని బొటనవ్రేలి పేరగు ‘థమ్’ నకు సైతము లేఖకులు దానిని తగిలించిరి. అక్షరమును విడువక ‘లాంబ్’ అని పలుకు మనవారి ఉచ్చారణము నేటి ఆంగ్లేయులకు వింతయే యైనను, ప్రాచీనాంగ్ల యుగపు ఆల్ఫ్రెడ్ రాజు కాలపువారికి పరిచితమే యయియుండును.

పేరు వినుటకు దగ్గఱగా నున్నను, ఆగస్టు 1వ తేదీనాటి ‘లామస్’ పండుగతో లాంబ్ పదమునకు సంబంధము లేదు. అది క్రొత్త గోధుమల రొట్టెను దేవాలయమున సమర్పించు దినము, ‘రొట్టె పూజ’ యని దాని పదార్థము.

1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప, కొట్టములోని పశువునకు దేశీయనామమును, పళ్లెములోని మాంసమునకు ఫ్రెంచి నామమును స్థిరపడగా, గొఱ్ఱె మాంసము ‘మటన్’ అయినది, దూడ మాంసము ‘వీల్’ అయినది. గొఱ్ఱెపిల్ల మాత్రము మందలోను విందులోను లాంబ్‌గానే యుండినది.