నాలుగో నంబరు కాగితం

పలాసలో నంబర్ల భాష తెలియనివాళ్లు అరుదు. జీడిపప్పుకి 180, 240, 320 అని నంబర్లుంటాయి కదా, ఒక పౌండు తూకానికి ఎన్ని పప్పులు వస్తాయన్నదే ఆ లెక్క. నంబరు చిన్నదైన కొద్దీ పప్పు పెద్దది, ధరా పెద్దదే. వియ్యాలవారికి ఏ నంబరు పప్పు పెట్టారన్నదాన్ని బట్టి మర్యాద కొలిచేవాళ్లు మా వైపు ఇప్పటికీ ఉన్నారు.

ఆ ఊళ్లోనే ఒకప్పుడు ఇంకో నంబర్ల లెక్క కూడా నడిచేది. ఫోటో స్టూడియోల వెనకగదుల్లో, ఎర్రబల్బు వెలుతురులో నడిచేది గనక బయటి జనానికి తెలీదు. అది ఫోటో కాగితం నంబరు. ఒకటోది మెత్తన, రెండోది మధ్యస్థం, మూడోది గట్టిది, నాలుగోది మరీ గట్టిది. కంపెనీని బట్టి ఒక అంకె అటూ ఇటూ అవుతుందనుకోండి. ఈ గట్టిదనం వేలికి తగిలేది కాదు. తెలుపులోంచి నలుపులోకి ఆ కాగితం ఎన్ని మెట్లలో దిగుతుందన్నదే లెక్క. మెత్తని కాగితానికి మధ్యలో బూడిదరంగు మెట్లు బోలెడు. గట్టిది నాలుగంగల్లో దిగిపోతుంది.

నేను చదివింది బి.ఏ. రసాయనశాస్త్రానికీ నాకూ ఆమడ దూరం. ఈ సంగతులన్నీ నాకు చెప్పింది టెక్కలిలో ముప్ఫయ్యేళ్లు చిన్న స్టూడియో నడిపిన మా మావయ్య. మిగతావి తర్వాత పుస్తకాల్లో వెతుక్కున్నాను.

ఫోటో కాగితానికీ ఉప్పుకీ పుట్టుకతోనే చుట్టరికం. 1830లలో ఇంగ్లండులో టాల్బట్ దొర కాగితాన్ని మామూలు ఉప్పునీళ్లలో ముంచి ఆరబెట్టి, దానిమీద సిల్వర్ నైట్రేటు పూసి, ఎండలో పెట్టి బొమ్మ రప్పించాడు. ఉప్పు పలచగా ఉంటే కాగితానికి వెలుగు బాగా సోకుతుంది, చిక్కగా ఉంటే సోకదు. అది కనిపెట్టి, చిక్కటి ఉప్పునీళ్లతోనే ఆ బొమ్మ చెదరకుండా నిలిపాడు కూడా. నౌపడా ఉప్పుమడుల గాలి పీల్చి పెరిగిన మాకు ఈ ముక్క వింటే కాస్త గర్వంగానే ఉంటుంది, ఆ దొర నౌపడా ఉప్పు మొహం ఎన్నడూ చూడకపోయినా!

ఆ తర్వాత కథ త్వరత్వరగా నడిచింది. 1893లో అమెరికాలో బేక్‌లండ్ అనే బెల్జియం దేశస్థుడు వెలాక్స్ అనే కాగితం తయారుచేశాడు. దానికి ఎండ అక్కర్లేదు, గ్యాసుదీపం చాలు. 1899లో కొడాక్ వాళ్లు దాన్ని కొనేసుకున్నారు. పాత ఇళ్లలో నల్లటి కరెంటు స్విచ్చులు చూశారా, ఆ బేకలైటు కూడా ఈయన తర్వాత కనిపెట్టిందే. అంతకంటే చురుకైన బ్రోమైడ్ కాగితం వ్యాపించాక చిన్న నెగటివ్ నుంచి పెద్ద బొమ్మ చెయ్యడం ఊరూరా సాధ్యమైంది. 1940లో ఇల్‌ఫర్డ్ వాళ్లు మల్టీగ్రేడ్ అని ఒకే కాగితం తెచ్చారు. దీపం ముందు అడ్డుపెట్టే రంగుబిళ్లను మారిస్తే అదే కాగితం మెత్తనా అవుతుంది, గట్టిదీ అవుతుంది. మావయ్యకి ఆ భోగం పట్టలేదు. ఆయనకి ఏ నంబరు కావాలంటే ఆ నంబరు డబ్బా కొనాల్సిందే, కొనడానికి డబ్బుండాల్సిందే.

మన దేశానికి సొంత ఫిల్మూ, సొంత ఫోటో కాగితం ఉండాలని 1960లో ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అనే ప్రభుత్వ కంపెనీ పెట్టారు. 1967లో సరుకు తయారు కావడం మొదలైంది. పేరు ‘ఇందు’. ఇప్పుడా ఫ్యాక్టరీ మూతపడింది. ఊటీనే ఎందుకంటారా? చల్లదనం, దుమ్ములేని గాలి. జిలెటిన్ పూసే పనికి ఆ రెండూ కావాలి. అంత సుఖాన పుట్టిన కాగితం ఇక్కడికొచ్చి, వైశాఖమాసంలో రేకుల కప్పు కింద, ఉప్పుగాలి ఉక్కలో బొమ్మ కట్టాలి! అత్తారింటికొచ్చిన కోడలి కష్టమే దానిది.

డెవలపరు ఉండాల్సిన వేడి 20 డిగ్రీలు. టెక్కలిలో ఎండాకాలం కుండలో నీళ్లు కూడా అంత చల్లగా ఉండవు. వేడి నీళ్లలో బొమ్మ పరుగెత్తుకొచ్చేస్తుంది. నల్లబడిపోతోందన్న కంగారులో కొత్తవాడు కాగితం ముందే లాగేస్తాడు. అక్కడే చెడుతుంది. తొందరపడి లాగిన బొమ్మలో నలుపు నలుపు కాదు, తెలుపు తెలుపు కాదు, అంతా బురద. పూర్తిగా ఒకటిన్నర, రెండు నిమిషాలు ఉంచాలి. నల్లబడిపోతుందనుకుంటే దీపం వెలుతురు తగ్గించి ఇంకో కాగితం వెయ్యాలి తప్ప తొట్టెలోంచి లాగకూడదు. అన్నం మాడుతుందని ఉడక్కుండానే దించేస్తామా అనేవాడు మావయ్య. అందుకే ఆయన రాత్రి పదిదాటాక, కుండనీళ్లు పోసిన పెద్ద పళ్లెంలో డెవలపరు తొట్టె పెట్టి పని మొదలుపెట్టేవాడు.

పాతబడి చెమ్మ తగిలిన కాగితం వస్తే తెలుపు మాసిపోయి వచ్చేది. దానికి మందు చిటికెడు పొటాషియం బ్రోమైడ్. ఎర్రబల్బు మీద అనుమానమొస్తే చీకట్లో కాగితం మీద రూపాయి బిళ్ల పెట్టి, బల్బు వేసి, కొన్ని నిమిషాలయ్యాక కాగితాన్ని డెవలపరులో వేసేవాడు. రూపాయి ఉన్నచోట తెల్లటి చక్రం తేలిందంటే బల్బు దొంగదన్నమాట!

ఇక నంబరు ఎంచడం. వంటలో పులుపు ఎక్కువైతే బెల్లం వేస్తాం చూడండి, అలాంటిదే. మబ్బుపట్టిన రోజు తీసిన పలచటి నెగటివ్‌కి గట్టి కాగితం. బారువ, భావనపాడు ఒడ్డున మిట్టమధ్యాహ్నం ఇసక మెరుపులో తీసినదానికి మెత్తన కాగితం. ముందు తెలుపు చూసుకుని దీపం ఎంతసేపు వెయ్యాలో తేల్చుకోవాలి, ఆ తర్వాత నలుపు చూసుకుని నంబరు తేల్చుకోవాలి. ఇంతే సూత్రం. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ వెన్నెల చూసి మనమంతా మురిసిపోతాం కదా. మార్కస్ బార్ట్‌లే గొప్పదనం నలుపు తెలుపుల్లో కంటే వాటి నడుమ ఉన్న బూడిద మెట్లలోనే ఉందని నాకనిపిస్తుంది.

మరి మావయ్య అల్మరాలో ఎప్పుడూ నిండుగా ఉండే డబ్బా ఏది? నాలుగో నంబరు. ఎందుకంటే జనం అడిగేది అదే. నంబరు పేరు వాళ్లకు తెలీదు. “బావూ, గుంట తెల్లగా రావాల” అనేవారు, అంతే. పెళ్లిసంబంధానికి పంపే ఫోటో అయితే ఇక చెప్పక్కర్లేదు. నెగటివ్ మీద మొహం ఉన్నచోట సన్నటి పెన్సిలుతో దిద్దేవాడు. అక్కడ నెగటివ్ చిక్కబడితే కాగితం మీద తెల్లబడుతుంది. దీపం వెలుగుతుండగా తీగకి గుచ్చిన అట్టముక్క మొహం మీద ఆడించేవాడు. ఆపైన గట్టి కాగితం. చామనఛాయ మొహంలో ఉండే అందమంతా ఆ నడిమి మెట్లలో ఉంటుంది. చెంప ఎక్కడ తిరిగిందీ, ముక్కు ఎక్కడ మొదలైందీ చెప్పేవి అవే. నాలుగో నంబరు వాటిని ఊడ్చిపారేస్తుంది. మిగిలేది రెండు కళ్లు, బొట్టు, జడ. “తెలుపు నా చేతిలో ఉందమ్మా, ముక్కు మాత్రం నా చేతిలో లేదు” అని గొణిగేవాడు మావయ్య. ఆ ఫోటో చూసి వచ్చినవాళ్లు పిల్లను చూసి మొహం ముడుచుకుంటే, తప్పు పిల్లదయ్యేది. కాగితానిది ఎన్నడూ కాలేదు. ఇది నేను నవ్వుతూ రాయలేను.

మొహం తెల్లబరిచే ఈ సంబరంలో పోయేవి ఇంకొన్ని ఉన్నాయి. చేతులు. జీడిపిక్క పెంకులో ఉండే సొన తోలును కాలుస్తుంది, నల్లబరుస్తుంది. బూడిద రాసుకుని కొట్టినా వేళ్లకి ఆ నలుపు వదలదు. పలాస బట్టీల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్లు ఫోటోకి కూర్చుంటే చేతులు పమిటలో దాచుకునేవారు. దాచుకోనివాళ్ల చేతుల్ని నాలుగో నంబరు కాగితమే దాచేసేది. ముదురు చీర, నల్లటి వేళ్లు, రెండూ కలిసి ఒకే మచ్చ.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర్లో ఒడ్డు దాటింది. ఉద్దానం కొబ్బరితోటలు, జీడితోటలు ఏమయ్యాయో మీరు పేపర్లలో చదివే ఉంటారు. ‘ఉద్యానం’ అన్న మాటే ఉద్దానమైందంటారు. ఆ రోజు ఆ పేరు పలకడానికి నోరు రాలేదు. గోడలమీది పటాలు కూడా తడిశాయి. తడిసిన జిలెటిన్ అద్దానికి అంటుకుంటే ఇక ఊడిరాదు, లాగితే మనిషి అద్దంతో పోతాడు. తోట మళ్లీ వేస్తాం, కాపుకి ఏళ్లు పట్టినా వేస్తాం. ఒక్కటే ఫోటో ఉన్న మనిషిని ఎక్కణ్ణించి తెస్తాం? కిడ్నీజబ్బుతో నడివయసులోనే మనుషులు పోతున్న ఊళ్లవి. చాలా ఇళ్లలో ఆ పటమే మిగిలిన మనిషి.

మా పెద్దమ్మ ఇంట్లో అలా పోయిన పటం ఒకటి ఉంది. బట్టీ దగ్గర ఆరుగురు ఆడవాళ్లు బెంచీ మీద కూర్చున్నది, పెద్దమ్మ మధ్యలో. దాని నెగటివ్ మావయ్య పాత రేకుపెట్టెలో దొరికింది. విశాఖపట్నంలో ఇప్పటికీ సరదాకి డార్క్‌రూమ్ పెట్టుకున్న స్నేహితురాలొకామె ఉంది. కాగితానికేం, ఇల్‌ఫర్డ్ వాళ్లు, చెక్ దేశపు ఫోమా వాళ్లు ఇంకా చేస్తూనే ఉన్నారు. ఆమెను అడిగి మెత్తన గ్రేడులో వేయించాను. ఆరు జతల చేతులు బయటికొచ్చాయి. గోళ్లు, కణుపులు, పెద్దమ్మ ఎడమ బొటనవేలి మీద కాలిన మచ్చతో సహా. ముక్కులు కూడా వచ్చాయి.

తీసుకెళ్లి చూపించాను. పెద్దమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. పక్కవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పింది, అందులో నలుగురు ఇప్పుడు లేరు. తన వేలు ఫోటోలోని వేలి మీద పెట్టి రెండూ ఒకటేనా కాదా అన్నట్టు సరిచూసుకుంది. తర్వాత నా వైపు తిరిగి అంది:

“అన్నీ బాగున్నాయి గానీ అమ్మా, మొకం ఇంకాస్త తెల్లగా సేయించనేకపోనావా?”